పెట్రోల్ ఇంజిన్ తీసేది లేదన్నాను

పాత జీపు కొన్నానని తెలియగానే దేవరకొండలో ఎదురైన ప్రతివాడూ అడిగిన మాట ఒకటే: "ఇంజిన్ ఏం వేయిస్తున్నవ్?" ఉన్న ఇంజినే బాగు చేయించుకుంటానంటే ఎగాదిగా చూసేవారు. మా బావమరిదైతే మొహం మీదే అన్నాడు: "పెట్రోల్ జీపు లీటరుకు ఎనిమిది ఇస్తది బావా. నీ ఎరువుల దుకాణం మొత్తం దాని ట్యాంకులనే పోస్తవా ఏంది?"

వాళ్లు అలా అడగడానికి కారణం ఉంది. ఒకప్పుడు మా దిక్కు కొండమల్లేపల్లి, డిండి, చందంపేట రూట్లలో సవారీలు కొట్టిన పాత జీపుల్లో చాలావరకు పెట్రోలువే. డీజిల్ చవకగా దొరికే రోజుల్లో ఓనర్లు ఒక్కొక్కరే పెట్రోల్ ఇంజిన్ దింపేసి, దొరికిన డీజిల్ ఇంజిన్ ఎక్కించుకున్నారు. అది ట్రాక్టరుదా, వ్యానుదా అని ఎవరూ పట్టించుకోలేదు. దింపిన ఇంజిన్లు తూకానికి పోయాయి. అందుకే ఇవాళ పాత జీపు దొరకడం కష్టం కాదు, కంపెనీ వేసిన ఇంజిన్‌తోనే ఉన్న జీపు దొరకడం కష్టం.

నాకు దొరికింది 1974 మోడల్ మహీంద్రా సీజే-3బి. అమెరికాలో విల్లీస్ వాళ్లు 1953లో తెచ్చిన మోడల్ ఇది. అక్కడ 1968లో ఆపేశారు. మన దగ్గర మహీంద్రా వాళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారుచేస్తూనే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపుకూ దీనికీ తేడా దూరం నుంచే తెలుస్తుంది, దీని బానెట్టు ఎత్తుగా ఉంటుంది. లోపలున్న హరికేన్ ఇంజినే దానికి కారణం. గాలి, పెట్రోలు లోపలికి తీసుకునే వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, పొగ వదిలే వాల్వులు కింద బ్లాకులో పక్కకు ఉంటాయి. పైన వాల్వులు పెట్టేసరికి ఇంజిన్ ఎత్తు పెరిగింది, దాంతో బానెట్టు లేపక తప్పలేదు. 2199 సీసీ, నాలుగు సిలిండర్లు. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 79 మిల్లీమీటర్ల చిల్లర. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, మాత్రం 111. బోరు కంటే స్ట్రోకు అంత పొడుగుంటే స్పీడు రాదు గానీ తక్కువ రేసులో కూడా లాగుడు ఉంటుంది. నా మొండితనానికి అసలు కారణం ఆ స్ట్రోకే.

బండి సంగతి పత్తి విత్తనాలకు మా దుకాణానికి వచ్చే ఒక రైతు చెప్పాడు. చింతపల్లి వైపు ఒక ఊళ్లో పశువుల కొట్టంలో ఉంది. పైన కందికట్టె మోపులు, వెనక సీట్లో కోళ్లు. ఓనరు ముసలాయన కాలం చేసి చాలా ఏళ్లయింది, కొడుకులు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. బానెట్టు ఎత్తకముందే నేను ఆర్సీ అడిగాను. ట్రంకు పెట్టెలోంచి తీసిచ్చారు. చేత్తో రాసిన పాత పుస్తకం, పాత మూడక్షరాల నంబరు, తండ్రి పేరు. ఇంధనం దగ్గర పెట్రోల్ అని స్పష్టంగా ఉంది.

తర్వాత నంబర్లు చూశాను. ముందు ఫ్రేము మీద తుప్పు, ఎండిన పేడ గట్టిగా పట్టి ఉన్నాయి. గరుకు కాగితంతో నెమ్మదిగా రుద్ది, గుడ్డతో తుడిచి, సుద్దముక్క అడ్డంగా పూస్తే గుంటల్లో తెలుపు నిలిచి అంకెలు ఒక్కొక్కటే తేలాయి. గ్రైండర్ మాత్రం పెట్టకూడదు, తుప్పుతో పాటు నంబరూ పోతుంది. ఇంజిన్ నంబరు వాటర్ పంపు వెనక బ్లాకు మీద ఉంటుంది. రెండూ పుస్తకంతో సరిపోయాయి. లక్షా పదివేలకు బేరం తెగింది. ఆ డబ్బు నా లెక్కలో ఇనుముకు కాదు, ఆ రెండు నంబర్లకు.

కాగితాల పని మెకానిక్ పని కంటే ఎక్కువ ఓపిక తినేసింది. చనిపోయిన మనిషి పేరు మీదున్న బండి నేరుగా నాకు రాదు. ముందు ఫారం 31తో వారసుడి పేరు మీదికి మారాలి, దానికి మరణ ధృవీకరణ పత్రం, మిగతా అన్నదమ్ముల సమ్మతి కావాలి. ఆ తర్వాతే 29, 30 ఫారాలతో నాకు బదిలీ. పైగా చేతిరాత పుస్తకం కాబట్టి బండి వివరాలు కంప్యూటర్లో లేవు, పాత రిజిస్టరు వెతికించి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోవాలి. ఈ మధ్యలో ఒక ఏజెంటు ఉచిత సలహా ఇచ్చాడు: "ఇదంతా ఎందుకు సార్, స్క్రాపైన జీపు ఆర్సీ ఒకటుంది, ఆ నంబరు దీనికి కొట్టిద్దాం." అది నేరం. పాత జీపులు కొనేవాళ్లు ఫ్రేము మీద నంబరును గోటితో తడిమి చూడాల్సింది ఇలాంటి వాళ్ల వల్లే. అక్షరాలు ఒక వరసలో లేకపోయినా, చుట్టూ వెల్డింగ్ మచ్చ కనిపించినా దండం పెట్టి వచ్చేయండి.

వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోమని ఒకరిద్దరు అన్నారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారకుండా ఉన్న బండికి ఆ హోదా వస్తుంది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 ఫీజు, పదేళ్ల గడువు. బాగానే ఉంది గానీ ఆ బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, వింటేజ్ ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో మాత్రమే తీయాలి. నాకు జీపు కావాల్సింది గాజు పెట్టెలో పెట్టుకోవడానికి కాదు. అందుకే మామూలు రెన్యువల్ దారే పట్టాను. ఫారం 25, అయిదేళ్ల గడువు. ఈ రెన్యువల్ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన ఇలాంటి బండ్లకు 10,000కు పెంచారు. ఆలస్యపు రుసుము, గ్రీన్ ట్యాక్స్ వేరే.

బండిని డీసీఎంలో ఎక్కించి నల్లగొండ తీసుకెళ్లాను. అక్కడ ఒక షెడ్డులో పెద్దాయన ఉన్నాడు, అందరూ చాచా అంటారు. పెట్రోల్ జీపుల కాలంలో పని నేర్చుకున్న మనిషి. ఆయన కూడా మొదట డీజిలే అన్నాడు. "సేటూ, దీనికి సామాన్ దొర్కదు. డీజిల్ ఏస్కుంటే నీకూ నాకూ ఇద్దరికీ సుఖం." ఆర్సీ చూపించాను. ఇంధనం మారే ఇంజిన్ వేస్తే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, లేదంటే ఆర్సీతో పొసగదు, ఇన్సూరెన్స్ వాళ్లకు సాకు దొరుకుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ గేరుబాక్సు, ఆ హౌసింగ్ (చక్రాలను తిప్పే యాక్సిల్ ఉండే ఇనుప గూడు) ఈ ఇంజిన్ బలానికి తగ్గట్టు చేసినవి. బరువైన డీజిల్ ఇంజిన్ ముందు పెడితే కమాన్లు కూర్చుంటాయి, వణుకుడుకు ఫ్రేము పగుళ్లిస్తుంది. మా దిక్కు డీజిల్ మార్చిన జీపుల్లో ఇంజిన్ కుర్చీల దగ్గర వెల్డింగ్ అతుకు లేనిది నేనింకా చూడలేదు. చాచా అంతా విని, "సరే, జాన్ ఉందో లేదో చూద్దాం" అన్నాడు.

ఇంజిన్ బిగుసుకుపోయి ఉంది. నాలుగు ప్లగ్గులు విప్పి, రంధ్రాల్లో డీజిలు, ఇంజిన్ ఆయిలు కలిపి పోసి కొన్నాళ్లు ముట్టుకోవద్దన్నాడు. తర్వాత ముందు నుంచి స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టాడు. తిప్పలేదు, అటొక వేలు, ఇటొక వేలు కదిలిస్తూ కూర్చున్నాడు. అలా కదిలి కదిలి చివరికి చుట్టు తిరిగింది. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ బిగించి పట్టకూడదు. ఇంజిన్ ఎదురు తన్నితే చెయ్యి విరుగుతుంది. షెడ్డులో ప్రతి పిల్లగాడికీ చాచా ఈ పాఠం చెప్పాకే హ్యాండిల్ ఇస్తాడు. కంప్రెషన్ చూస్తే మూడు సిలిండర్లు అటూఇటుగా సమానం, వెనకది బాగా తక్కువ. హెడ్డు దించాల్సిందే.

ఈ ఇంజిన్ తెలియని మెకానిక్ దొరికిపోయేది ఇక్కడే. చుట్టూ కనిపించే బోల్టులన్నీ విప్పినా హెడ్డు ఊడి రాలేదు. షెడ్డులో కుర్రాడు మీట పెట్టి లేపబోతే చాచా గట్టిగా అరిచాడు. "ఆగురా! ఇంకోటి లోపల దాక్కుంది." కార్బరేటర్ తీసి, అది కూర్చున్న రంధ్రంలో వేలు పెట్టి చూపించాడు. హరికేన్ ఇంజిన్‌కు ఇన్‌టేక్ మేనిఫోల్డ్ విడిగా ఉండదు, హెడ్డుతో కలిపే పోత పోశారు. కార్బరేటర్ కింద ఆ దారిలోనే ఒక హెడ్డు బోల్టు ఉంటుంది. అది విప్పకుండా మీట వేస్తే పోత పగులుతుంది. పగిలిన హెడ్డుకు ఇంకోటి వెతకడమంటే ఊరూరా తిరగడమే.

హెడ్డు లేచాక ఆ వెనక సిలిండర్ సంగతి అర్థమైంది. బ్లాకు పైభాగంలో నీళ్లు పోయే కన్నాలు ఉంటాయి కదా, అవి సున్నం పట్టి పెన్సిల్ మొన దూరేంత మిగిలాయి. మా జిల్లా పేరు చెబితే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, కానీ రేడియేటర్‌ను చంపేది ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లలో కరిగి ఉండే సున్నం. నీళ్లు కాగినప్పుడల్లా అది విడిపోయి ఎక్కువ వేడెక్కే గోడకు అంటుకుంటుంది. పొర మందమైన కొద్దీ వేడి బయటికి పోదు, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా అంటుకుంటుంది. ముసలాయన జీపు జీవితమంతా పొలం బోరు నీళ్లే తాగింది. సైకిల్ స్పోకు కొసను సాగగొట్టి, ఆ కన్నాల్లో తిప్పుతూ నేనూ ఆ కుర్రాడూ రోజుల తరబడి గీకాం. గోధుమరంగు పెచ్చులు రాలుతూనే ఉన్నాయి. ఒక పెచ్చు చిటికెన గోరంత మందం ఉంది, విరిచి చూస్తే పొరలు పొరలుగా ఉంది. చివర్లో ప్రెషర్ నీళ్లు కొడితే అవతల పక్క నుంచి తెల్లటి బురద దూకింది. రేడియేటర్‌ను విప్పించి గొట్టాల్లో రాడ్డింగ్ చేయించాం, అంటే సన్న కమ్మీ దూర్చి శుభ్రం చేయడం. ఇప్పుడు దాంట్లో డిస్టిల్డ్ వాటరు, కూలెంటు తప్ప ఇంకేమీ పోయను. దారిలో అవసరం పడుతుందని సీటు వెనక క్యాను కూడా పెట్టుకుంటాను.

పాత ఇంజిన్ చేయించుకునేవాళ్లకు ఒక్క మాట: పిస్టన్లు చేతికి రాకముందు బోరింగ్‌కు, అంటే అరిగిన సిలిండర్‌ను కోసి వెడల్పు చేయడానికి, ఇవ్వొద్దు. బోరు ఎంత పెంచాలన్నది దొరికిన ఓవర్‌సైజు పిస్టన్ల మీద ఆధారపడుతుంది గానీ మన కోరిక మీద కాదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గ్యాస్కెట్లు, బేరింగులు దొరికాయి. పిస్టన్ల కోసం విజయవాడ ఆటోనగర్ దాకా పోవాల్సి వచ్చింది. మూలన పెట్టెలో దుమ్ము పట్టిన పాత కంపెనీ స్టాకు, రేటు మాత్రం కొత్తది. బోరింగ్, క్రాంకు గ్రైండింగ్ కూడా అక్కడే చేయించాను. ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి రకం సీట్లు వేయించాం. ఈ ఇంజిన్ తయారైన కాలంలో పెట్రోల్లో సీసం ఉండేది, అదే వాల్వు సీటును అరుగుదల నుంచి కాపాడేది. మన దేశంలో 2000 నుంచి సీసం పెట్రోలు లేదు.

ఆ వెతుకులాటలోనే కల్వకుర్తి వైపు ఒకతని దగ్గర డీజిల్ మార్చినప్పుడు దింపేసిన ఇదే ఇంజిన్ కనిపించింది. కొట్టం మూలన, సగం మట్టిలో. తూకం ధరకు ఇచ్చాడు. దాని హెడ్డు, డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్), ఫ్లైవీల్ అన్నీ పనికొచ్చేవే. ఇప్పుడవి మా ఎరువుల గోడౌన్లో యూరియా బస్తాల వెనక ఉన్నాయి, మా ఆవిడకు తెలుసు గానీ పైకి అనదు.

సిలిండర్లు మండే వరస, అంటే ఫైరింగ్ ఆర్డర్, 1-3-4-2. చాచా డెల్కో టైమింగ్ చిన్న బల్బుతో పెట్టాడు. ఒక వైరు పాయింట్ల దగ్గర, ఒకటి బాడీకి. డెల్కోను నెమ్మదిగా తిప్పుతూ పాయింట్లు విడిపోయిన క్షణంలో బల్బు వెలిగిన చోట బిగించాడు. సెల్ఫు కొడితే రెండు దగ్గులు దగ్గి అందుకుంది. చాచా యాక్సిలరేటర్ ముట్టనివ్వలేదు, ఆయిల్ గేజీ ముల్లు వైపే చూస్తూ నిలబడ్డాడు.

స్టార్టయ్యాక అసలు తలనొప్పి పెట్రోలుతో మొదలైంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అప్పటి రబ్బరుకు ఇథనాల్ పడదు. పంపు డయాఫ్రం మెత్తబడి సాగింది, పైపులు లోపల పెచ్చులూడి కార్బరేటర్ జెట్టుకు అడ్డం పడ్డాయి. ఇథనాల్ గాల్లో తేమను పీలుస్తుంది, బండి కదలకుండా నిలబెడితే ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు పడుతుంది. ఈ జీపులో ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, కాబట్టి లీకైతే సరదా కాదు. ట్యాంకు దింపి కడిగించి, పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చి, డయాఫ్రం కొత్తది వేసి, మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాం.

దాని మీద మా ఎండలు. నల్లగొండ మే నెల గురించి చెప్పేదేముంది, 44, 45 డిగ్రీలు. పెట్రోల్ పంపు ఇంజిన్ పక్కనే, వేడి మేనిఫోల్డుకు దగ్గర్లో ఉంటుంది. మధ్యాహ్నం బండి ఆపి టీ తాగి వచ్చేసరికి పైపులోనే పెట్రోలు ఆవిరై, సెల్ఫు ఎంత కొట్టినా కార్బరేటర్‌కు చుక్క అందదు. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పేవారు. అది ఇప్పటికీ పనిచేస్తుంది, నా డ్యాష్‌బోర్డు కింద ఒక తువ్వాలు ఎప్పుడూ ఉంటుంది. దాంతో పాటు పంపుకూ మేనిఫోల్డుకూ మధ్య రేకు అడ్డం పెట్టించాను, పెట్రోలు పైపును వేడికి దూరంగా తిప్పించాను. చాలావరకు తగ్గింది.

ముందు హౌసింగ్ పని ఇంకో పెద్ద కథ. పాత జీపు కొనేముందు స్టీరింగ్ ఒకరు అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కింద పడుకుని చూడాలి. చక్రం కదలకముందు స్టీరింగ్ ఎంత ఖాళీగా తిరుగుతుందో, ఆ ఖాళీ ఏ కీలు దగ్గర పోతుందో కళ్లకు కనిపిస్తుంది. మాది స్టీరింగ్ కడ్డీలను కలుపుతూ మధ్యలో ఉండే బెల్ క్రాంకు దగ్గరా, ముందు చక్రం తిరిగే ఇరుసు కింగ్ పిన్ బేరింగుల దగ్గరా అరిగింది. చక్రం లోపలి వైపు బోండా లాంటి గుండ్రటి గిన్నె ఉంటుంది, దాని చుట్టూ ఫెల్టు సీలు. సీలు పోతే నూనె కారుతుంది, దుమ్ము లోపలికి పోతుంది, దుమ్ముతో కలిసిన నూనె గిన్నెను ఆకురాయిలా తినేస్తుంది. గిన్నె మీద గీతలు పడి ఉంటే కొత్త సీలు వేసినా ఆగదు, అందుకే ముందు దాన్ని నున్నగా పాలిష్ పట్టించాం. కింగ్ పిన్ దగ్గర షిమ్ములు (పల్చటి రేకు బిళ్లలు) పెడుతూ తీస్తూ, చేతికి కాస్త బిగువు తగిలేదాకా సరిచేశారు. వదులుగా ఉంటే 50 స్పీడు దగ్గర ముందు చక్రాలు వణికి స్టీరింగ్ చేతిలో ఆగదు.

ఎడమ పక్క చక్రాల నట్లు ఉల్టా తిరుగుతాయి. పంక్చర్ షాపు పిల్లలకు ఈ సంగతి తెలియదు, పైపు వేసి తిప్పి స్టడ్డు విరిచేస్తారు. చక్రం మీద పెయింటుతో బాణం గుర్తు వేయించాను.

టైర్లు 6.00-16 సైజే ఉంచాను. షాపువాడు ట్రాక్టర్ ముందు టైర్లు తీసి "ఇదే సైజు, సగం రేటు" అన్నాడు. సైజు ఒకటే, కానీ అవి ట్రాక్టర్ నడిచే స్పీడు కోసం చేసినవి, రోడ్డు మీద జీపుకు వేయకూడదు. వెడల్పు టైర్ల మోజు నాకు లేదు. స్టీరింగ్ మొద్దుబారుతుంది, యాక్సిళ్ల మీద భారం పడుతుంది, సన్న టైరు బురదను కోసుకుని కింది గట్టినేల పట్టుకుంటుంది.

బాడీలో ఫ్లోరు రేకులు, వెనక మూలలు మార్చాం. రంగు విషయంలో మాత్రం చూసినవాళ్లంతా మిలిటరీ ఆకుపచ్చ అన్నారు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే. డ్యాష్‌బోర్డు వెనక, గడ్డీగాదమూ ఎండా తగలని చోట అసలు రంగు దొరికింది, బూడిద కలిసిన నీలం. అదే కలిపించి వేశాం. అద్దంలా మెరిసే ఫినిషింగ్ వద్దన్నాను. అప్పట్లో కంపెనీ నుంచి వచ్చినప్పుడు కూడా అది అంత మెరిసేది కాదు.

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టరు గారు బానెట్టు ఎత్తమన్నారు. ఇంజిన్ నంబరు చూసి, ఫ్రేము నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నారు. "ఇంజిన్ మార్చలేదా!" అని ఆశ్చర్యపోయి, లైట్లు, హారను, బ్రేకులు చూశారు. హ్యాండ్‌బ్రేక్ దగ్గర కాసేపు చర్చ నడిచింది. ఇందులో అది చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) వెనక షాఫ్టు మీద ఒక డ్రమ్ముంటుంది, లీవరు లాగితే షాఫ్టే ఆగుతుంది. ఆయన కింద వంగి చూసి నవ్వుకున్నారు. రెన్యువల్ కాగితం ఆ రోజే చేతికి రాలేదు, తర్వాత వచ్చింది.

మట్టిదారిలో మొదటిసారి నేరేడుగొమ్ము దాటి, వైజాగ్ కాలనీ అనే ఊరి వైపు సాగర్ బ్యాక్‌వాటర్ దగ్గరికి తీసుకెళ్లాను. అమ్రాబాద్ అడవిలోకి పోలేదు, అది పులుల అభయారణ్యం, మన సరదాకు అక్కడ చోటు లేదు. ఊళ్ల మధ్య బండిబాటలూ, గుట్ట పక్క రాళ్లదారులూ చాలు. ఒక వాగు దగ్గర దిగుడు నిలువుగా ఉంది, కింద గుండ్రాళ్లు. ఆపి, ముందు యాక్సిల్ లీవరు వేసి, రెండోదాన్ని లో రేంజిలోకి లాగాను. లో రేంజిలో ట్రాన్స్‌ఫర్ కేసు వేగాన్ని 2.46 రెట్లు తగ్గిస్తుంది. ఫస్టు గేరుకు సింక్రో (గేర్లను ఒకే వేగానికి తెచ్చి కలిపే ఏర్పాటు) లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వేశాను. క్లచ్చు వదిలి రెండు కాళ్లూ పెడళ్ల మీద నుంచి తీసేశాను. మనిషి నడకకంటే నెమ్మదిగా, ఒక్కో రాయి మీద ఎక్కి దిగుతూ దానంతట అదే పోయింది. ఎక్కేటప్పుడు శబ్దం కాస్త బరువెక్కిందే తప్ప ఆగలేదు. అవతలి ఒడ్డున గొర్రెలు కాస్తున్న ఒక తాత దగ్గరికొచ్చి, బండి చప్పుడు విని "పెట్రోల్‌దా?" అన్నాడు. ఒకప్పుడు ప్రాజెక్టు జీపు తోలేవాడట. నా పక్క సీట్లో కూర్చుని తండా దాకా వచ్చాడు, దారిపొడవునా డబుల్ క్లచ్చు ఎలా కొట్టాలో నాకు చెబుతూనే ఉన్నాడు.

ఇంకా పనులున్నాయి. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు కలిసేచోట నూనె చెమ్మ ఆగలేదు. పొద్దున షెడ్డులో కింద చుక్క లేకపోతే ఆయిల్ అయిపోయిందని అర్థం అంటాడు చాచా. డైనమో రాత్రిపూట హెడ్‌లైట్లు వేస్తే సరిగా చార్జింగ్ ఇవ్వడం లేదు. అందరూ ఆల్టర్నేటర్ పెట్టుకోమంటున్నారు. నేను మాత్రం డైనమో ఆర్మేచర్ చుట్టే మనిషి కోసం చూస్తున్నాను, మిర్యాలగూడలో ఒకాయన ఉన్నాడని చెప్పారు. దుకాణంలో సీజన్ హడావిడి తగ్గగానే పోవాలి.